రవికె చాటున పచ్చల పతకం

మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ పచ్చల పతకాన్ని వేసుకున్నన్ని రోజులు మా ఇంట్లో ఇంకే ఆడమనిషీ వేసుకోలేదు. అయినా అది ఆమె మెడలో ఉండగా ఊళ్లో చూసినవాళ్లు లేరు. ఒక్క ఫొటో కూడా లేదు. మా చుట్టాల ఇళ్లలో గోడలకు తగిలించిన పెళ్లి ఫొటోలు చూస్తే ప్రతి పెళ్లికూతురి ఎదమీదా అదే పతకం ఉంటుంది. మేనత్త పెళ్లి, బాపు తమ్ముళ్ల బిడ్డల పెళ్లిళ్లు, నా పెళ్లి, అన్నిట్లో అదే. అవ్వ వెనక వరుసలో కొంగు భుజాల నిండా కప్పుకుని నిలబడి ఉంటుంది. ఆ పొద్దుటిదాకా ఆ నగ ఆ కొంగు కింద, ఆ రవికె లోపల ఉందని ఫొటో చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పతకం అరచేతిలో పట్టేంత ఉంటుంది. మధ్యలో పెద్ద పచ్చ, చుట్టూ చిన్న పచ్చలు, అంచుకు వేలాడే ముత్యాలు. పైన రెండు పేటల ముత్యాల దండ, వెనక కట్టుకోవడానికి ఎర్ర పట్టుతాడు. ఇప్పటి నగల్లాగా కళ్లు జిగేలుమనే బంగారం కాదు, కొంచెం ఎరుపు తిరిగిన పాతకాలపు బంగారం. పెద్ద పచ్చలో వెంట్రుకంత గీత ఒకటి ఉంది, వెలుతురుకు పెడితేనే కనిపిస్తుంది. మా బాపమ్మకు, అంటే నాన్న తల్లికి, ఆమె అత్త ఇచ్చింది. అంతకు ముందు ఎవరిదో ఎవరికీ తెలియదు, అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది.

మా అవ్వ హుజూరాబాద్ దగ్గరి పల్లె నుంచి చొప్పదండి దగ్గరి మా ఊరికి కోడలిగా వచ్చింది. ఇంటికి వచ్చే కోడలికైనా, ఇంట్లో పుట్టిన ఆడపిల్లకైనా, ఆమె బిడ్డకైనా, పెళ్లినాడు ఆ పతకం వేయడం మా ఇంటి ఆనవాయితీ. పెద్దకొడుకైన మా బాపు పెళ్లని బాపమ్మకు సంబురం ఎక్కువైంది. నగ ధగధగలాడాలని రాగి చెంబులు తోమినట్టు చింతపండు పులుసులో నానబెట్టి మరీ తోమింది. బంగారం తళతళలాడింది, పచ్చలు నవ్వాయి, ముత్యాలు మాత్రం సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయాయి. పులుపు ముత్యాన్ని తింటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు పాపం. పాలిపోయిన నగ కొత్త కోడలికి వేస్తే అశుభమని పెట్టెలో పెట్టేశారు. అట్లా మా అవ్వ ఒక్కతే ఆ పతకం లేకుండా ఆ ఇంటికి కోడలైంది.

ముత్యాలు మనిషి ఒంటికి తగిలితే మళ్లీ కళ వస్తుందని ఊళ్లో పెద్దవాళ్లు చెప్పారట. బాపమ్మ కొన్నాళ్లు వేసుకుని చూసింది, పసుపు తిరిగాయి. అప్పుడు కోడలి మెడలో వేసింది. పొలం పని, పొయ్యి పని, చెమట, నిద్ర, అన్నీ దానితోనే. నెలలు గడిచాక ఒకనాడు బాపమ్మ తీసి చూస్తే ముత్యాల్లో వెలుగు కదిలిందట. మునుపటంత కాకపోయినా మళ్లీ ముత్యాలయ్యాయి. శాస్త్రం ఏమంటుందో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం అవ్వ ఒంటికి ముత్యాలు పడతాయని అప్పుడే తేలిపోయింది. అది ఆమెకు వరమైందా అంటే, కాలేదు. అది ఆమె పనుల్లో ఇంకో పని అయింది.

ఆ పనిని మా ఇంట్లో ‘ముత్యాలు లేపుడు’ అనేవాళ్లు. ఎవరిదైనా లగ్గం ఖాయమై పసుపు దంచిన రోజున అవ్వ తలకు పోసుకుని, పతకం మెడలో కట్టుకుని, రవికె లోపలికి జార్చి, పైన కొంగు లాక్కునేది. మళ్లీ పెళ్లి పొద్దుననే తీయడం. అన్నాళ్లూ మెడకు సబ్బు లేదు, పౌడరు లేదు, ఉట్టి నీళ్లే. వాకిలి ఊడ్చినా, బర్రె పాలు పిండినా, నాట్లేసేవాళ్లకు సద్ది మోసుకుపోయినా పతకం లోపలే ఉండాలి. బయటికి కనబడొద్దన్నది బాపమ్మ కట్టడి.

“పెండ్లిపిల్ల మెడల మెరిసేది ఊరంత ముందుగాల్నే సూస్తే ఇగ పెండ్లినాడు సూసేటందుకు ఏముంటది?” అనేది.

అందులో దిష్టి భయం ఎంతో, కోడలి మెడలో చూడలేని గుణం ఎంతో నేను చెప్పను. ఆమె పోయింది. పోయినవాళ్లతో నాకు ఇప్పుడు పంచాయితీ ఎందుకు?

చిన్నప్పుడు మధ్యాహ్నంపూట అవ్వను కరుచుకుని పడుకుంటే రవికె కింది పతకం నా చెంపకు ఒత్తుకునేది. లేచి అద్దంలో చూసుకుంటే బుగ్గ మీద గుండ్రటి అచ్చు. ఆ అచ్చు పడిందంటే మా చుట్టాల్లో ఎవరిదో పెళ్లి దగ్గరపడిందని అర్థం, అంటే కొత్త బట్టలు, బూందీ లడ్డూలు. నాకు భలే సంతోషంగా ఉండేది. అవ్వకు మెడ మీద తాడు ఒరుసుకుని ఎర్రగా కమిలేది, అది నాకు అప్పుడు పట్టలేదు. బాపు ఆమెను ఉడికించేవాడు.

“లగ్గం ఎవ్వలదన్న గానీ, నగ మాత్రం మా ఇంటామెకే.”

“నగ ఎక్కడిది? ఎద్దు మెడకు కాడి ఏసినట్టు ఏసింది మీ అవ్వ,” అనేది మా అవ్వ. అని, బాపమ్మ విన్నదేమోనని అరుగు వైపు చూసేది.

ఆ పతకాన్ని అట్లా ఆమె చేతి నుంచి మొదట అందుకున్నది మా మేనత్త, అంటే బాపు చెల్లెలు. చెన్నూరు ఇచ్చారు ఆమెను. తర్వాత ఎంతమందో. నా వంతు వచ్చేసరికి అవ్వ జుట్టు చెవుల దగ్గర తెల్లబడింది. నా పెళ్లి పొద్దున అర్రలోంచి అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరేసి, వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పి, పతకం నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. నాకు ఏడుపొచ్చింది.

“అవ్వా, ఒక్కసారి నువ్వు పైకేసుకో, నేను చూస్త,” అన్నాను.

అవ్వ తలుపు వైపు చూసింది. బయట బాపమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది.

“నాకు మాత్రం ఉండదా బిడ్డా? ఒక్కపారి చీర మీదికేసుకోని నలుగుర్ల తిరగాలని ఉంటది. ఎవ్వలన్న మంచిగున్నదంటే ఇనాలని ఉంటది. నీ బిడ్డ లగ్గంల ఏసుకుంట తియ్యి. గప్పటికి నాకు అడ్డమెవ్వలు?” అని నవ్వి, నా మెడలో కట్టింది.

నాకు బిడ్డ పుట్టింది, పెరిగింది. బాపమ్మ పోయింది. అవ్వకు అడ్డం చెప్పేవాళ్లు ఇంక లేరనుకున్నాం. అంతలో బాపు పోయాడు.

పదోనాడు అవ్వ మెడలోవి, చేతులవి తీసేటప్పుడు మేనత్తే ఆమెను పట్టుకుని కూర్చుంది. మేనత్తకు ఆ దారి ముందే తెలుసు. చెన్నూరులో మామ జ్వరంతో పోయేనాటికి ఆమెకు ఒక్క వెంట్రుక నెరవలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ పెళ్లి జరిగినా ఆమె పందిట్లోకి వచ్చేది కాదు, రమ్మని పిలిచినవాళ్లూ లేరు. వెనక అర్రలో ఒక్కతే కూర్చునేది. అవ్వ రెండు విస్తళ్లు పట్టుకుపోయి ఆమె పక్కన కూర్చుని తినేది. నేను చూసిన ప్రతి పెళ్లిలో వాళ్లిద్దరి బంతి ఆ అర్రలోనే. ఏం మాట్లాడుకునేవాళ్లో ఏమో, నన్ను మాత్రం దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు.

మొన్నీమధ్య నా బిడ్డ పెళ్లి ఖాయమైంది. కరీంనగర్‌లో మా ఇంట్లోనే పసుపు దంచాం. మేనత్త చెన్నూరు నుంచి బస్సెక్కి వచ్చింది. నేను పెట్టె తెచ్చి, ఎప్పటిలాగే అవ్వ ముందుకు చాపాను. అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడంలోనే ఎంత ఆశ ఉందో నాకు కనిపించింది.

“ఆగు,” అన్నది మేనత్త నాతో. “ఈపారి నీ వదినె లేపుతది ముత్యాలు.”

అవ్వ చేతులు మళ్లీ ఒళ్లోకి పోయాయి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఇంటినిండా చుట్టాలున్నారని పళ్లు బిగబట్టుకున్నాను.

మా వదిన, అంటే మా అన్న భార్య, మంచిదే. బ్యాంకులో పని చేస్తుంది. ఎందుకు కాదనాలని పాపం తీసుకుపోయి వేసుకుంది. కానీ ఆమెకు సెంటు కొట్టుకోనిదే ఇల్లు కదలడం రాదు. ఆఫీసులో రోజంతా ఏసీ. మెడ దురద పెట్టిందని తీసి హ్యాండ్‌బ్యాగులో వేసింది, మళ్లీ వేసుకుంది, మళ్లీ తీసింది. ఆఖరికి పెట్టె పట్టుకుని మా ఇంటికే వచ్చింది.

“వదినా, ఏమనుకోకు, నాతోని అయితలేదు,” అన్నది.

మేనత్త అప్పటికి ఇంకా మా ఇంట్లోనే ఉంది. పెట్టె తెరిచి, ముత్యాలను కిటికీ దగ్గర పట్టి చూసింది. అవి బియ్యపు పిండి రాసినట్టు ఉన్నాయి.

“గివి గిట్లున్నయేంది,” అని పెట్టె మూసింది.

“ఎట్లుంటయ్ మరి? లేపేటోళ్లను కూసోబెట్టి, రానోళ్లకిస్తే గిట్లనే ఉంటయ్. అవ్వకియ్యి అత్తా,” అన్నాను.

“లోకం ఏమంటదే?”

“లోకంతోని నాకేం పని?”

“నీకుండదు, నీ బిడ్డకుంటది. రేపు అత్తగారింట్ల పిల్లకు జర తలనొప్పి లేసినా, మొగడు లేనామె ఏసుకున్న నగ ఏసిండ్రు గందుకే అంటరు. నీకేం తెలుసు? నేను పడ్డ.”

“పడ్డదానివి గదా, నువ్వే గిట్ల మాట్లాడ్తవా?”

మేనత్త నా ముఖంలోకి చూసింది. గొంతు తగ్గింది.

“నా మెడలయి తీసిననాడు నాకోసం గిట్ల కొట్లాడెటోళ్లు ఎవ్వలున్నరే?” అన్నది.

అవ్వ గోడకు ఆనుకుని చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండానే అన్నది.

“ఊకోండ్రి ఇగ. ముత్యాలు లేవకుంటే లేవకపాయె. పిల్ల సల్లగుండాలె, గంతే.”

పెట్టె తీసుకుపోయి బీరువాలో పెట్టాను. మేనత్త మర్నాడు చెన్నూరు పోయింది. అవ్వ పెళ్లిదాకా మా ఇంట్లోనే ఉండిపోయింది. నాకు పత్రికలు పంచడం, చీరలు తేవడం, వంటవాళ్లతో మాట్లాడడం, ఊపిరి తీసుకునే సందు లేదు. అయినా ఒకటి గమనించాను. అవ్వ హుషారుగా తిరుగుతోంది. అప్పాలు చేస్తానని పొయ్యి ముందు కూర్చుంటే లేవదు, చెమటలు కారుతున్నా ఫ్యాన్ వేయనివ్వదు. మనవరాలి పెళ్లని సంతోషం కాబోలు అనుకున్నాను. నా మనసుకు కొంచెం తెరిపి అనిపించింది.

పెళ్లి కరీంనగర్‌లోనే, ఫంక్షన్ హాల్లో. పెళ్లికూతురి గదిలో ఏడెనిమిది మంది ఆడవాళ్లం, మేకప్ అమ్మాయి, నేల నిండా పూలబుట్టలు. నా బిడ్డకు చీర కట్టడం అయింది, జడ అయింది.

“నగలు ఇవ్వండి ఆంటీ,” అన్నది మేకప్ అమ్మాయి.

పచ్చల పతకం ముందు వేయాలని పెట్టె తీశాను. మూత తెరిస్తే లోపల ఎర్ర గుడ్డ తప్ప ఏమీ లేదు. గుడ్డ దులిపాను, బ్యాగు బోర్లించాను. వదిన ముఖం పాలిపోయింది.

“నేనైతే నీ చేతులనే పెట్టిన వదినా,” అని ఏడుపు మొదలుపెట్టింది.

మేనత్త తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె గదిలోకి రాకుండా గడప అవతలే ఉండడం అలవాటు. ఇప్పుడు లోపలికి వచ్చేసింది.

“బీరువ తాళాలు ఎవ్వలెవ్వల చేతులకు పోయినయ్? పనామెను అడిగినవా?” అంటోంది.

“పరేషాన్ కాకుండ్రి,” అన్నది అవ్వ, మూల కుర్చీలోంచి. “నా దగ్గరున్నది.”

అందరం అటు తిరిగాం. అవ్వ లేచి నిలబడింది. కొంగు కొంచెం పక్కకు తీసి, మెడ దగ్గర తాడు పట్టుకుని పైకి లాగింది. పచ్చల పతకం రవికె లోపలి నుంచి వచ్చి ఆమె గంధం రంగు చీర మీద పడింది. ముత్యాలు ఎట్లా ఉన్నాయో ఏం చెప్పను. నా పెళ్లిలో కూడా అంత వెలుగు చూడలేదు.

“మీ అత్త చెన్నూరు పోయిననాడే బీరువల్నుంచి తీసుకున్న,” అన్నది నాతో. “పిల్లకు ముత్యాలు సచ్చిన నగ ఎట్లేస్తం? నా లెక్క పిల్లకెందుకు గావాలె?”

అవ్వ వెనక్కి చేతులు పెట్టి ముడి వెతికింది. పెట్టి, ఆగింది. ఎదురుగా గోడకు నిలువుటద్దం ఉంది. అందులో ఆమెకు ఆమె కనబడింది. చేతులు మెల్లగా కిందికి దించింది.

“జరంతసేపు ఉండనియ్యుండ్రి,” అన్నది, అద్దంలోకే చూస్తూ. “మల్ల తీస్త.”

డెబ్బై దాటిన మనిషి, సొంత ఇంటి నగ మెడలో ఉంచుకోవడానికి అట్లా అడుక్కోవడం ఏమిటి? అది వేసుకున్నందుకు ఎవరు ఏమంటారో అననీ, ఇవ్వాళ నోరు మూసుకోను అనుకున్నాను. అంతలో మేనత్త అవ్వ వైపు నడిచింది. నేను అడ్డం పోబోయాను. నా బిడ్డ నా చేయి పట్టుకుని ఆపింది.

మేనత్త అవ్వ ముందు నిలబడి చేయి ఎత్తింది. తాడు విప్పుతుందనే అనుకున్నాను.

“పతకం పక్కకు పోయింది వదినె,” అన్నది.

పెద్ద పచ్చ ఎద మధ్యకు వచ్చేట్టు జరిపింది. పేటలు రెండూ మెలిపడితే విడదీసింది. కొంగు పతకాన్ని కప్పుతోందని వెనక్కి మడిచి భుజం మీద సర్దింది.

“నా లగ్గంనాడు నువ్వే కట్టినవ్ గిది,” అన్నది. “మంచిగున్నదే నీకు. శానా మంచిగున్నది.”

అవ్వ రెండు చేతులతో మేనత్త చేయి పట్టుకుంది. నేను ఏడుస్తున్నానని నా ముక్కు కారేదాకా నాకే తెలియలేదు.

“అమ్మమ్మే కట్టాలె నాకు,” అన్నది నా బిడ్డ.

“కడ్తది. గీడ గాదు, పందిట్ల కడ్తది, అందరు సూడంగ,” అన్నది మేనత్త. “నడువు వదినె.”

అవ్వ జంకింది. మేనత్త ఆమె చేయి వదలలేదు. ఇద్దరూ గడప దాటారు, వెనక నా బిడ్డ, ఆ వెనక నేను. హాలు నిండా జనం. ముందు వరుస కుర్చీల్లో మగపెళ్లివారు, వాళ్ల పక్కన మా ఊరి ఆడవాళ్లు. ఒకామె ఇంకొకామె మోచేయి పొడిచి అవ్వ మెడ వైపు చూపించింది. పందిరికి పోయే దారిలో నిలబడ్డవాళ్లు చూస్తున్నారే కానీ కదలడం లేదు. అవ్వ కొంగు కోసం చేయి వెనక్కి పెట్టబోయింది, మేనత్త ఆ చేయిని పట్టి కిందికి దించింది. ఏ పెళ్లిలోనూ అర్ర దాటి బయటికి రాని మనిషి, ఆ జనం ముందుకు తనే ముందు నడిచింది.

“ఏం సూస్తుండ్రు?” అన్నది. “జర తొవ్వియ్యుండ్రి. మా వదినె వస్తున్నది.”